మైకమ్మకు మాట తిరిగొచ్చిన ఏడాది

ఆ బస్టాండులో ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. డ్రైవర్లు, కండక్టర్లు, సామాన్లు మోసేవాళ్లు అందరూ మైకమ్మ అనే పిలిచేవారు. మేడ మీద అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఏ నంబరు ప్లాట్‌ఫారం మీద ఆగి ఉందో, ఎప్పుడు బయలుదేరుతుందో చెప్పడం ఇరవై రెండేళ్లుగా ఆమె ఉద్యోగం. గదిలో ఒక బల్ల, ఒక మైకు, గోడ మీద బస్సుల వేళల పట్టిక, కిర్రుమంటూ తిరిగే ఫ్యాను. ఆమె గొంతు మాత్రం కంచులా ఖంగుమనేది. కదిలిన బస్సును కూడా వెనక్కి రప్పించే గొంతు అని డ్రైవర్లు చెప్పుకునేవారు.

ఆదివారం నాడు ఆ గొంతు చర్చిలో మోగేది. "ఎవరైనా ప్రార్థన చెయ్యండి" అని పాస్టరుగారు అనీ అనకముందే ఆమె లేచి నిలబడేది. రోగులు, ప్రయాణికులు, పాలకులు, పరీక్షలు రాసే పిల్లలు, ఎవ్వరినీ వదిలేది కాదు. వెనక బెంచీలో పసిపిల్లలు ఒక కునుకు తీసి లేచేవారు.

"దేవుడికి కూడా బస్సుల టైములు చదివి వినిపిస్తావేంటమ్మా?" అని కూతురు నవ్వేది. ఆ పిల్ల మందుల షాపులో పనిచేస్తుంది. తల్లి నోరు కొంత వచ్చింది.

మైకమ్మకు కోపం వచ్చేది కాదు. లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. తన మాటకు పైన కూడా విలువ ఉందని ఆమె నమ్మకం.

భర్తది బస్సు డిపోలో చిరిగిన సీట్లు కుట్టే పని. నోట్లో నాలుక లేని మనిషి. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు "ఊ"లే. పెళ్లయి ఇరవై ఆరేళ్లయినా నలుగురిలో ఆయన పైకి ప్రార్థన చెయ్యగా విన్నవాళ్లు లేరు.

"మీ వంతు కూడా నేనే చేసేస్తున్నాను లెండి" అనేది ఆమె.

"ఊ" అనేవాడాయన.

ఒక సోమవారం పొద్దున పదిన్నరకు బస్టాండు కిటకిటలాడుతుండగా మైకులోంచి "ఏడో నంబరు" అని వినిపించి ఆగిపోయింది. మళ్లీ "ఏడో నంబరు" అని వచ్చింది. మళ్లీ అదే. కింద జనం నవ్వారు. మైకు పాడైందనుకున్నారు. పైన మైకమ్మకు తను చెప్పాల్సిన ఊరి పేరు కళ్ల ముందు కనబడుతూనే ఉంది, నోటికి మాత్రం అందడం లేదు. కుడిచెయ్యి బల్ల మీంచి జారిపోయింది. కంట్రోలరు మెట్లెక్కి పరిగెత్తుకొచ్చేసరికి కుర్చీలో ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది.

మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టిందని డాక్టర్లు చెప్పారు. ప్రాణం దక్కింది. కాలు నిలబడింది, చెయ్యి కొద్దికొద్దిగా కదిలింది. మాటే పడిపోయింది. వేలకు వేల మాటల్లో ఒక్కటి మిగిలింది, "ఏడో నంబరు". దాహమేసినా అదే, దుప్పటి కావాలన్నా అదే. ఎదుటివాళ్లు చెప్పింది మాత్రం ఆమెకు పూర్తిగా అర్థమయ్యేది. అదే నరకం. ఒకరోజు కిటికీ తియ్యమని ఆమె అడిగితే కూతురు మంచినీళ్లు తెచ్చింది, తర్వాత దిండు తెచ్చింది, తర్వాత మందు తెచ్చింది. ఆమె గ్లాసు విసిరికొట్టి గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత చర్చికి రానని తల అడ్డంగా ఊపేసింది. ఇంత నోరిచ్చి లాక్కోవడమెందుకని ఆమె దేవుడి మీద అలిగింది. అలకైనా నోటితో చెప్పుకోలేకపోయింది.

మూడో నెలలో పాస్టరుగారు ఇంటికొచ్చారు. కాసేపు కూర్చుని, "అమ్మా, మీకు చేతనైనట్టే ప్రార్థన చెయ్యండి. మేం ఆమెన్ అంటాం" అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. ఆమె కళ్లు మూసుకుంది, పెదాలు కదిపింది. "ఏడో నంబరు" అని వచ్చింది. బలంగా ఊపిరి పీల్చి మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అదే. రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. 

అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ భర్త లోపలికొచ్చాడు. ఆమె పక్కన కింద కూర్చున్నాడు. సూది పోట్లతో గరుకెక్కిన చేత్తో ఆమె కుడిచెయ్యి పట్టుకున్నాడు. గొంతు సవరించుకుని, "ప్రభువా, ఈమె ఏమంటోందో మాకు తెలియడం లేదు. నీకు తెలుసు. ఆమెన్" అన్నాడు.

అంతే. అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేదు.

మైకమ్మ ఏడుపు ఆగిపోయింది. ఇన్నేళ్లూ తను గట్టిగా వినిపించబట్టే దేవుడు వింటున్నాడనుకుంది. ఇప్పుడు వినిపించడానికి ఏమీ లేదు. పోనీ ఇవ్వడానికి? అదీ లేదు. అయినా ఈ మూగమనిషి ఎంత నిబ్బరంగా "నీకు తెలుసు" అన్నాడు! కృప అనే మాటను ఆమె తన ప్రార్థనల్లో కొన్ని వేలసార్లు పలికి ఉంటుంది. ఆ మధ్యాహ్నం మొదటిసారి అది తన మీద వానలా కురిసినట్టయింది. గొంతు పోయినా తను పోలేదు. తనను ప్రేమించినవాడు తన గొంతును చూసి ప్రేమించలేదు. ఆమె కళ్లు తుడుచుకుని భర్త వంక చూసి నవ్వింది. నవ్వు ఒక పక్కకే వచ్చింది, కానీ నిండుగా వచ్చింది.

తర్వాతి ఆదివారం చీర తనే తీసి మంచం మీద పెట్టింది. ముగ్గురూ చర్చికెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. ఆ రోజు పాడిన పాట ఆమె చిన్నప్పుడు తల్లి ఒళ్లో కూర్చుని నేర్చుకున్నది. వింటే చాలనుకుని ఆమె కళ్లు మూసుకుంది. పాట రెండో వరుసకు వచ్చేసరికి కూతురు పాడడం ఆపేసి తల్లి వైపు తిరిగింది. తల్లి పాడుతోంది! కూనిరాగం కాదు, మాటలతో పాడుతోంది. ఒక్క మాట తప్పిపోకుండా, చరణం తర్వాత చరణం. భర్త చేతిలోని పాటల పుస్తకం కిందపడింది. ముందు బెంచీలవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. పాట అయిపోయేసరికి చర్చిలో అందరి కళ్లూ తడిసిపోయాయి. మైకమ్మ మాత్రం నోటి మీద చెయ్యి పెట్టుకుని, దొరికిపోయిన దొంగలా ఆశ్చర్యంగా చూస్తోంది.

"మాట రాని మనిషికి పాటెలా వచ్చింది?" అని కూతురు మర్నాడే ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మను నిలదీసింది.

"మెదడులో మాట ఎడమవైపు ఉంటే, పాటకు కుడివైపు కూడా సాయం చేస్తుంది" అంది డాక్టరమ్మ నవ్వుతూ. "ఆ తలుపు తెరుచుకుంది కదా, మాటల్ని అటునుంచి తీసుకొద్దాం. ఇక ఇంట్లో ఏం కావాలన్నా పాడి అడగాలి. పాడుతూ ఎడమచేత్తో తాళం వెయ్యాలి."

ఆ ఇల్లు కచేరీ అయిపోయింది. "నీ...ళ్లు కా...వాలి" అని మైకమ్మ రాగం తీస్తే, "తె...స్తున్నానే" అని భర్త అపశ్రుతిలో అందుకునేవాడు. జన్మలో పాడని మనిషి గాడిద గొంతుతో పాడుతుంటే ఆమెకు నవ్వాగేది కాదు.

"నాన్నా, మీరు సీట్లే కుట్టండి, పాటల జోలికి రాకండి" అని కూతురు చెవులు మూసుకునేది. ఆయన వినలేదు. పొద్దున అరగంట, సాయంత్రం గంట, ఒక్కరోజు మానకుండా భార్యతో పాడాడు. కొన్ని వారాలు ఒక్క కొత్త మాటా వచ్చేది కాదు. మైకమ్మ విసుగొచ్చి తాళం వేసే చేత్తోనే నెత్తి కొట్టుకునేది. మర్నాడు మళ్లీ కూర్చునేది. మెల్లగా రాగం పలచబడి మాట మిగలసాగింది.

పద్నాలుగో నెలలో ఆమె బస్టాండుకెళ్లి, మళ్లీ పనిలో చేరతానని ఆఫీసరు ముందు నిలబడింది. ఆయన జాలిపడ్డాడు కానీ అనుమానం వదులుకోలేదు.

"ఒకసారి పైకెళ్లి చెప్పి చూపించండమ్మా" అన్నాడు.

మెట్లు నెమ్మదిగా ఎక్కింది. మైకు ముందు కూర్చుని, బల్ల అంచు మీద ఎడమచేత్తో తాళం వేస్తూ మొదలుపెట్టింది. నాలుగో నంబరులో ఉన్న బస్సు, అది వెళ్లే ఊళ్లు, ఒక్కొక్కటీ విడదీసి, కాస్త రాగంగా, తప్పు లేకుండా చెప్పింది. కింద ఒక డ్రైవరు హారను మోగించాడు. వెంటనే ఇంకొకడు. బస్టాండంతా హారన్లు! ప్రయాణికులు ఏమైందోనని బిత్తరపోయారు. "ఇదివరకు గడగడా చదివేసేదానివక్కా" అన్నాడు ఆమె మెట్లు దిగగానే పాత కండక్టరు ఒకాయన. "ఇన్నేళ్లకు ఇవాళే నాకు అన్ని ఊళ్లూ అర్థమయ్యాయి." ఆఫీసరు అప్పటికప్పుడే కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆదివారం పాస్టరుగారు పిలవగానే ఆమె లేచింది. అందరూ సర్దుకుని కూర్చున్నారు. "ప్రభువా, వందనం" అని ఆమె కూర్చుంది. పిల్లలకు ఆవలించడానికి కూడా వ్యవధి లేకపోయింది.

డాక్టరమ్మ అడిగితే ఇప్పుడు గురువారాలు సెలవు పెట్టుకుని ఆసుపత్రిలో మాట పడిపోయినవాళ్ల వార్డుకు వెళుతోంది. మొన్న ఒక మేస్త్రి దగ్గర కూర్చుంది. మాట పడిపోయి రెండు నెలలు, "సరే" తప్ప ఏమీ రాదు. కళ్లెత్తి ఎవరినీ చూడడం లేదు.

"ఈయన ఎప్పుడైనా ఏమైనా పాడేవారా చెల్లీ?" అని ఆయన భార్యనడిగింది.

"పాటలా! పిల్లల్ని ఊయల్లో వేసి ఏదో జోల పాడేవాడంతే" అందా మనిషి సిగ్గుపడుతూ.

"అయితే అదే పాడు."

భార్య పాట ఎత్తుకుంది. మైకమ్మ ఆయన ఎడమచెయ్యి తీసుకుని మంచం పట్టె మీద తాళం వేయించింది. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు పాడారు. ఆరోసారి మేస్త్రి పెదాలు కదిలాయి. జోలపాట మొదటి వరుస ముక్కలు కాకుండా మొత్తంగా బయటికొచ్చింది. భార్య నేల మీద కూలబడి నవ్వుతూ ఏడుస్తూ ఆయన పాదాలు పట్టుకుంది. ఆయన ఆపలేదు. రెండో చరణానికి వచ్చేసరికి పక్క మంచం మీది ముసలాయన కూడా గొంతు కలిపాడు.