మందు మొక్కలు

నరసరావుపేటలోని ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ప్రిస్కిల్లాను పిల్లలు డాక్టర్ మేడమ్ అంటారు. నూజెండ్ల మండలంలోని సొంత పాలెంలో మాత్రం ఆమె పిచ్చి మొక్కల పంతులమ్మ. పీహెచ్‌డీ వచ్చిన కొత్తలో పాలెం ముసలివాళ్లు కొందరు వచ్చి మోకాళ్ల నొప్పులు చెప్పుకున్నారు. ఈమె సూది వేసే డాక్టరు కాదని తెలిశాక, "మరి దేనికి డాక్టరువే నువ్వు? గడ్డికా?" అని నవ్వుకుంటూ లేచిపోయారు. ప్రిస్కిల్లా కూడా నవ్వింది. వాళ్లన్నది అబద్ధం కాదు. ఆమె గడ్డికే డాక్టరు.

పల్నాటి చేలల్లో మిరప, పత్తి కానిదంతా పిచ్చి మొక్కే. ఆసామి చల్లింది పంట, తనంతట తాను మొలిచింది పిచ్చి. ఆ మాట ప్రిస్కిల్లాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. తల్లి గ్రేసమ్మ కలుపు కూలి. ఆసామి గట్టు మీద పారేయమన్న గునుగు, చెంచలి, దొగ్గలి ఆకులు సాయంత్రానికి గ్రేసమ్మ ఒళ్లో ఇంటికొచ్చి పప్పులో కలిసేవి. "పంట ఆళ్లది, కలుపు మనది. దేవుడు సమంగానే పంచాడులే" అనేది గ్రేసమ్మ, ఎకసెక్కంగా. దేవుడు సమంగా పంచలేదని కూతురికి బళ్లో చేరకముందే తెలుసు. కానీ ఆకుల పేర్లు, ఏది ఎప్పుడు లేతగా ఉంటుందో, ఏది బాలింత తినకూడదో అప్పుడే పట్టుబడ్డాయి.

యూనివర్సిటీలో పరిశోధనకు చేరినప్పుడు గైడు ఆమె ముందు పాత సిద్ధాంత గ్రంథాలు పేర్చాడు. మొక్క పేరు, లాటిన్ పేరు, ఏ జబ్బుకు వాడతారు. అన్నీ ఒకే అచ్చు. ప్రిస్కిల్లా వేరే ప్రశ్న అడిగింది: ఈ ఆకు ఎవరు కోసుకుంటున్నారు? ఎవరి గట్టు మీద? ఎవరు వద్దంటే మానుకుంటున్నారు?

"ఇది బాటనీ ఎలా అవుతుందమ్మా?" అన్నాడు గైడు.

"కోసుకోనివ్వని మొక్క మందెలా అవుతుంది సార్?" అంది ఆమె.

గైడు చిరాకుపడ్డాడు, కానీ అడ్డుపడలేదు. మాచర్ల కొండల అంచు నుంచి శావల్యాపురం చేల దాకా బస్సుల్లో, ఆ తర్వాత సొంత స్కూటీ మీద తిరిగింది. చెంచు ఇళ్లలో కూర్చుంది, లంబాడీ తండాల్లో జొన్న రొట్టె తింది. ఊరూరా రెండు రకాల వాళ్లు ఆమెకు ఎదురయ్యారు. నాటు మందంటే మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లు ఒకరు. ఆకు పసరుతో అన్నీ నయమవుతాయని బోర్డు కట్టి అమాయకులను ముంచేవాళ్లు ఇంకొకరు. ఇద్దరితోనూ ఆమెకు పడలేదు. కామెర్లు ముదిరిన ఒక కుర్రాణ్ణి పసరు పోసేవాడి ఇంటి నుంచి లేవదీసి తానే ఆసుపత్రికి తీసుకుపోయిన రోజున, ఆ పసరాయన "నీ చదువంతా మొక్కల మీదేనంట, మళ్లా మొక్కలకే ఎదురు తిరుగుతావేంది?" అని తిట్టాడు. "మొక్క మందే అన్నా. అన్నిటికీ మందు కాదు" అని జవాబిచ్చి బండెక్కింది.

అలా తిరుగుతూ ఉండగానే గట్లు బోడి అవుతూ వచ్చాయి. కలుపు కూలీలను పిలిచేవాళ్లు తగ్గారు, గడ్డి మందు కొట్టేవాళ్లు పెరిగారు. కూలి పోయింది, కూర పోయింది, గట్టు మీది వైద్యం కూడా పోయింది. ఈ మూడూ పోయింది ఒకే ఇళ్లలోంచి. ఆ సంగతి ఏ వ్యవసాయ సభలోనూ ఎవరూ మాట్లాడరు.

ముఖ్యంగా నేలవేము. నాలుక మీద పెడితే చెవుల దాకా చేదెక్కే చిన్న మొక్క. ఒళ్లు నొప్పులు, చిన్నా చితకా జ్వరాల్లో పాలెం ఆడవాళ్లు కాచి తాగే కషాయం దానిదే. చుట్టుపక్కల ఎంత వెతికినా కనపడలేదు. చివరికి సొంత పాలెం సమాధుల తోటలో, తన తండ్రి సమాధి వెనకాల, ఒక గుబురుగా కనపడింది. ఎందుకు మిగిలిందంటే అక్కడ ఎవరూ నాగలి పెట్టరు గనక. బతికున్నప్పుడు సెంటు భూమి లేనివాళ్లు చచ్చిపోయాక కాపాడిన నేల అది.

విత్తనం కావాలి. అదే ఆమె ఆశ అంతా. గింజ చేతికొస్తే పాలెం ఆడవాళ్లే నారు పోసుకోవచ్చు, ఎవరి గట్టు ముందూ చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. కానీ నేలవేము ఏడాది మొక్క. గింజ రాల్చి చచ్చిపోతుంది. ముందటేడు సమాధుల పండగకని పూత మీదుండగానే కోసి తగలబెట్టారు. పాత గింజలేవో మట్టిలో దాగి ఈసారికి మొలిచాయి. ఈ ఏడు కూడా గింజ పడకపోతే ఆ గుబురు కూడా ఉండదు.

సమాధుల పండగ నవంబరు మొదట్లో. ఆ వేళకి ప్రతి ఇంటివాళ్లూ తమవాళ్ల సమాధికి సున్నం వేసి, కొవ్వొత్తి పెట్టి, బంతిపూలు చల్లుతారు. చుట్టూ శుభ్రంగా లేకపోతే చచ్చినవాళ్లను గాలికొదిలేశారంటారు.

"మీ నాయన నెత్తిన అడివి మొలిపిస్తావా?" అంది గ్రేసమ్మ. "అందరి సమాధులూ మెరుస్తా ఉంటే మనదొక్కటే పాడుబడ్డట్టు. జనం ఏమనుకుంటారే?"

"వెనకవైపేగా అమ్మా. సంక్రాంతి దాకా ఓపిక పట్టు, కాయ పండుద్ది."

"చదువుకున్నదానివి, నువ్వు చెప్తే నేనినాలి" అని మూతి తిప్పుకుంది తల్లి.

పంచాయతీ ఒప్పుకోవడమూ అంతే అయింది. సర్పంచి కోటమ్మ. ఫోనెత్తేదీ, మాట్లాడేదీ, ఫొటోల్లో నిలబడేదీ ఆమె భర్త ఆంజనేయులు. పల్నాడులో ఆడవాళ్ల రిజర్వేషనంటే చాలా చోట్ల ఇంతే. ఆంజనేయులు విని, "సరేలే మేడమ్, నీ మొక్కలేయో గుర్తు పెట్టుకో. మావోడు మిగతాది శుభ్రం చేస్తాడు" అన్నాడు.

గుర్తు పెట్టడం దగ్గరే పొరపాటు జరిగింది. ఔషధ మొక్కలు అని రాయబోయి ఆగింది ప్రిస్కిల్లా. ఔషధం అనే మాట పాలెంలో ఎవరి నోటా వినలేదు. జనం మాటే రాయాలన్నది ఆమె పట్టుదల. అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో, నీలం రంగుతో రాసి కర్రకు కట్టి పాతింది: ఇవి మందు మొక్కలు.

మాటల కోసం ఊళ్లు పట్టుకు తిరిగిన మనిషి, తన ఊళ్లో ఆ మాట ఏమైపోయిందో మరిచిపోయింది.

శనివారం మధ్యాహ్నం కాలేజీ అయ్యాక ఆమె సమాధుల తోట దగ్గర బండి ఆపేసరికి ఘాటైన వాసన ముక్కుకు తగిలింది. పంచాయతీ పనివాడు జక్కయ్య వీపు మీద స్ప్రేయరుతో, మూతికి కట్టుకోను గుడ్డ కూడా లేకుండా, ఆమె తండ్రి సమాధి వెనకాలే నిలబడి ఉన్నాడు. నేలవేము ఆకులన్నీ తడిసి మెరుస్తున్నాయి.

"బాబాయ్! ఏం చేస్తన్నావు?"

"మందు కొడతన్నానమ్మాయ్" అన్నాడు జక్కయ్య సంబరంగా. "నువ్వు బోర్డు పెట్టావు గదా."

"బోర్డు పెడితే కొట్టడమేంది?"

"మందు మొక్కలని రాశావు గదమ్మా! మందు కొట్టాల్సినయ్యి ఇయ్యేనని గుర్తు పెట్టావనుకున్నా. ఏ మొక్కకి ఏ మందో నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? నువ్వు చెప్పావని నీ వాటికి రెండు మూతలు ఎక్కువే కలిపా."

మిరప చేలో పుట్టి పెరిగినవాడికి మందంటే డబ్బాలో వచ్చేది, నీళ్లలో కలిపేది, కొట్టేది. సాయంత్రమైతే సీసాలో వచ్చేది. కషాయం గుర్తుకొచ్చేది ఆ తర్వాతే. ఈ నేల మీద ఆ మాటకు అంత విషం పట్టింది. జక్కయ్యది తప్పు కాదు.

ఆమె వంగి ఒక ఆకును చూసింది. చుక్కలింకా జారుతున్నాయి.

"ఎంతసేపయింది బాబాయ్?"

"ఇప్పుడే. నీ మొక్కలే ఆఖరు."

"అయితే కడుగుదాం. ఈ మందు ఆకులోంచి దిగి వేరు దాకా పోవాలి. దిగేదానికి కాస్త టైం పడుద్ది. ఇప్పుడే బాగా కడిగితే కొన్నయినా బతుకుతయ్."

జక్కయ్య మొహం పాలిపోయింది. ఏం జరిగిందో అప్పటికి అర్థమైంది. "చేతులు నరికేసుకోవాలమ్మా" అన్నాడు.

"నరుక్కోవద్దు, ముందు సబ్బు పెట్టి కడుక్కో. తర్వాత పాలెంలో బిందెలు తెమ్మని చెప్పు."

తోటలో నీళ్ల పంపు లేదు. ఆమె ఆంజనేయులుకు ఫోన్ చేసింది. ఆయన వినుకొండలో ఎవరి పెళ్లిలోనో ఉన్నాడు. వెనక బ్యాండు మోగుతోంది. "పిచ్చి మొక్కలకు పంచాయతీ ట్యాంకరా? జనం నవ్వుతారు మేడమ్" అని పెట్టేశాడు. ఆమె బండి తిప్పి వాళ్లింటికే పోయింది. కోటమ్మ అరుగు మీద మినప్పప్పు చెరుగుతూ ఉంది. ప్రిస్కిల్లా గబగబా రెండు ముక్కల్లో చెప్పింది.

"మా ఆయన ఏమన్నాడు?"

"వద్దన్నాడండి. కానీ సర్పంచి మీరు."

కోటమ్మ చేట పక్కన పెట్టింది. వీధి వంక చూసింది. వీధిలోనే ట్యాంకరు, దాని నీడలో డ్రైవరు ఫరీద్.

"ఒరే ఫరీదూ, ఈ అమ్మాయి ఎంట పో. సర్పంచి పంపిందని చెప్పు."

"ఏ సర్పంచమ్మా?" అన్నాడు ఫరీద్, ఆంజనేయులు కోసం అటూ ఇటూ చూస్తూ.

"ఎంతమంది ఉన్నార్రా ఊళ్లో? పో!"

తోటకొచ్చేసరికి జక్కయ్య ఒక్కడే బక్కెట్‌తో కడుగుతున్నాడు. పాలెం ఆడవాళ్లు గోడ అవతల నిలబడి చూస్తున్నారు. ప్రిస్కిల్లా చీర కుచ్చిళ్లు ఎగదోపి, చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని దిగింది. గోడ అవతల ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు గ్రేసమ్మ గొంతు లేచింది:

"దానికంటే మొక్కల పిచ్చి. మీకేం పట్టిందే, బొమ్మల్లా నిలబడ్డారు? రేపు మీ మనవళ్లకు ఒళ్లు కాలితే ఏం కాచి పోస్తారు, ఆంజనేయులు మొహమా? బిందెలు తీయండి!"

నవ్వుకుంటూనే దిగారు. ఒక్కో మొక్కను పైనుంచీ కిందినుంచీ కడిగారు. కవర్లు దొరకనివాళ్లు పాలప్యాకెట్లు తొడుక్కున్నారు. "చిన్నపిల్లకు తలంటినట్టుందే" అంది ఒకావిడ. "నీ కోడలికి ఎప్పుడన్నా పోశావటే ఇంతబాగా?" అని ఇంకొకావిడ. ట్యాంకరు ఖాళీ అయ్యేదాకా కడిగి, కడిగిన నీళ్లు పక్క మొక్కలకు పోకుండా కాలవ తీశారు. ఆ పని చేయించింది ప్రిస్కిల్లా చదువు. చేసింది మాత్రం కలుపు మొక్కల్ని చేత్తో పట్టుకోవడం తెలిసిన చేతులు.

సోమవారానికి ముందు వరస పసుపు రంగుకు తిరిగింది. వారం తిరిగేసరికి సగం ఎండిపోయాయి. ప్రిస్కిల్లా రోజూ కాలేజీ నుంచి వచ్చి చూసి పోయేది. జక్కయ్య పలకరించేందుకు మొహం చెల్లక దూరంగా తిరిగేవాడు. ఆమే పిలిచి, పంచాయతీ నుంచి చేతి తొడుగులూ మూతి గుడ్డా రాయించి ఇప్పించింది. కోటమ్మే సంతకం పెట్టింది. ఇన్నేళ్లూ అతను విషాన్ని ఒట్టి చేతులతో ఎత్తుతుంటే ఎవరికీ పట్టలేదు. మొక్కలు తడిస్తే తప్ప మనిషి తడవడం కనపడలేదు. అది ఆమెకూ వర్తిస్తుంది, ఆ సంగతి ఆమెకు తెలుసు.

పండగ నాడు సమాధి వెనక ఎండిన మోళ్లు, వాటి మధ్య గిడసబారిన పచ్చటి మొక్కలు. గ్రేసమ్మ ముందువైపు సున్నం వేసి, కొవ్వొత్తి వెలిగించి, వెనక్కి వెళ్లి చూసింది. మిగిలిన వాటికి చిన్న తెల్లపూలు వస్తున్నాయి. "మీ నాయన మొండోడు. ఇయ్యీ అంతే" అంది.

డిసెంబరు పోయేలోగా కాయలు ముదిరాయి. ఎండెక్కితే చిట్లి గింజ ఎగిరిపోతుందని ఆడవాళ్లు పొద్దున మంచులోనే వచ్చి పాత చీరలు పరిచి కోశారు. దోసెడు గింజ వచ్చింది. చాలదనిపించేంత తక్కువ. కానీ ఆవగింజలో సగం ఉండదు ఆ గింజ. దోసెడంటే ఒక చేనంత. బడి గోడ వెంట ఉన్న ఖాళీ పోరంబోకు జాగాను ఆడవాళ్ల నారుమడికి ఇస్తూ పంచాయతీ తీర్మానం చేసింది. ఆ సమావేశానికి ఆంజనేయులు రాలేదు. రావద్దన్నారో, అలిగాడో ఊళ్లో రెండు రకాలుగా చెప్పుకున్నారు.

తొలకరి పడ్డాక నారు లేచింది. గ్రేసమ్మ రోజూ దాని ముందు పీట వేసుకుని కూర్చునేది. ఒక సాయంత్రం మిరప ఆసామి ఇల్లాలు సుబ్బరత్నం అటుగా వచ్చింది. గ్రేసమ్మ ఏళ్ల తరబడి కలుపు తీసింది వాళ్ల చేలోనే.

"గ్రేసమ్మా, నాలుగు మొక్కలియ్యవే. మా పెద్దాయనకి కషాయం కావాలంట."

"ఇస్తానమ్మా. యాడ నాటుతారు?"

"మా చేని గట్టు మీద."

"ఆ గట్టు మీద గడ్డి మందు కొట్టనంటే ఇస్తా."

ప్రిస్కిల్లా నారుకు నీళ్లు చల్లుతున్నదల్లా ఆగింది. ఆసామి ఇల్లాలికి తన తల్లి షరతు పెట్టడం ఆమె ఎన్నడూ వినలేదు.

సుబ్బరత్నం నొసలు చిట్లించింది. "మా ఆయన్ని అడిగి చెప్తా."

"అడుగు తల్లీ, అడుగు. ఈ మొక్కలు యాడికీ పోవు. కానీ తడవు చేయకుండా రా, వాన పదునులో నాటితేనే బతుకుతయ్."

సుబ్బరత్నం నాలుగడుగులు వేసి ఆగింది. చేని వైపు ఒకసారి చూసుకుని వెనక్కి వచ్చింది.

"గట్టు వరకేనా? చేలో కొట్టుకోవచ్చా?"

"ముందు గట్టుతో మొదలెట్టు" అంది గ్రేసమ్మ, మట్టితో సహా నారు పెకలిస్తూ.