బావి గట్టున ఒక జత చెప్పులు

ఎంత లోతులో పడినవాడినైనా చూడగల దేవునికి స్తోత్రం. నా తమ్ముణ్ణి నా చేతులతో నేనే చంపుకోకుండా ఆపినవాడు ఆయనే. ముందు ఆ మాట చెప్పుకొని, తర్వాతే జరిగింది చెబుతాను.

నేను దయ్యాలను ఎన్నడూ నమ్మలేదు. చనిపోయినవారు తిరిగి వస్తారని మా సంఘం బోధించదు. సండేస్కూల్లో పిల్లలకు నేను కూడా అదే చెప్పాను. ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే, తాయెత్తు వద్దు, ప్రార్థన చేద్దాం రండి అని పిలిచేది నేనే. ఇప్పటికీ నా విశ్వాసం మారలేదు. కానీ చూసిందాన్ని చూడలేదని చెప్పలేను.

మా నాయన బావులు తవ్వేవాడు. పూతలపట్టు చుట్టుపక్కల రైతులు కరువు రోజుల్లో బావులను ఇంకా లోతు చేయించేవారు. నాయన అరవై అడుగుల కింద బండ పగలగొట్టి సాయంత్రానికి కనుబొమ్మల దాకా రాతిపొడితో వచ్చేవాడు. ఆ పొడి మా ఊపిరికి తగలకూడదని ఇంటి వెనకే నీళ్లు పోసుకొని, గుడ్డలు మార్చుకొని, ఆ తర్వాతే మమ్మల్ని ఎత్తుకునేవాడు. చలికాలమైనా అంతే. వాక్యం తానే చదువుకోవాలని నలభై ఏళ్ల వయసులో నా పలక తీసుకొని నా దగ్గరే అక్షరాలు దిద్దాడు.

చిత్తూరు నుంచి పాత లారీ టైరు ముక్క తెచ్చి ఇంటిల్లిపాదికీ చెప్పులు తానే కోసేవాడు. ముందు అమ్మకు, తర్వాత పిల్లలకు. ఆఖరున మిగిలిన ముక్కతో తనకు. అందుకే ఆయన చెప్పుల్లో ఎప్పుడూ ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాటి అడుగున కత్తితో చిన్న సిలువ గుర్తు గీసుకునేవాడు. ఆయనతో పనిచేసే మునస్వామి తన చెప్పులకు నామం గీసుకునేవాడు.

ఆ గుర్తులకు కారణం ఉంది. బావిలోకి దిగే ప్రతివాడూ గట్టున చెప్పులు విడవాలి. పైకి వచ్చాక ఎవరివి వారు తొడుక్కోవాలి. గట్టున ఒక్క చెప్పు కూడా మిగలలేదంటేనే అందరూ పైకి వచ్చినట్టు. అప్పుడే బండలో కూరిన పేలుడు మందు పేల్చాలి. ఇది నాయన పెట్టిన కట్టుబాటు. చెప్పులు లేనివాణ్ణి ఆయన బావిలోకి దిగనిచ్చేవాడు కాదు.

చివరికి రాతిపొడి ఆయన ఊపిరితిత్తులనే తినేసింది. తిరుపతి పెద్దాసుపత్రి నుంచి తీసుకొచ్చిన వారానికే ప్రభువు దగ్గరకు వెళ్లిపోయాడు. పెట్టె మూసేముందు అమ్మ ఆయన చెప్పులు కడిగి, ఆముదం రాసి తెచ్చింది. పరిశుద్ధ స్థలంలో మోషే కూడా చెప్పులు విడిచాడు కదమ్మా, అక్కడ ఈయనకు ఎందుకని పాస్టరుగారు మెల్లగా నచ్చజెప్పబోయారు.

“ఆయప్ప చెప్పుల్లేకుండా యాడికీ పోలేదయ్యా. పెట్టనీండి” అంది అమ్మ.

నాయన కాళ్ల దగ్గర నేనే పెట్టాను. పెట్టెకు మేకులు కొట్టింది కూడా నేనే.

నాలుగు నెలలు గడిచాయి. నాయన స్థానంలో అప్పుడు నేను మందు పేల్చేవాణ్ణి. ఆ రోజు పొద్దున తమ్ముడు సామ్యేలు చెప్పు తెగిపోయి వట్టికాళ్లతో పనికి వచ్చాడు. నాయన ఉంటే వెనక్కి పంపేవాడు. ఒక్క రోజుకేమవుతుందిలే అనుకొని నేను దిగనిచ్చాను.

మధ్యాహ్నానికి బండలో మందు కూరాం. బ్యాటరీకి తగిలించే వైరు పైకి లాగాం. అందరూ ఎక్కి వచ్చి, చెప్పులు తొడుక్కొని, కొందరు పక్కనున్న పెద్ద రాతిగుండు చాటుకు, కొందరు చింతచెట్టు చాటుకు వెళ్లారు. గట్టు ఖాళీ. మూడుసార్లు కేక వేశాను. కింద నుంచి పలుకు లేదు. గుండు దగ్గరకు వెళ్లి వైరు చేతిలోకి తీసుకొని, అలవాటు కొద్దీ ఒకసారి వెనక్కి చూశాను.

గట్టున ఒక జత చెప్పులున్నాయి.

ఎవరివని విసుగ్గా అరిచాను. మునస్వామి చింతచెట్టు చాటు నుంచి, “ఎవురివి వాళ్ల కాళ్లకే ఉండాయి అబ్బయ్యా. బాగా సూడు” అన్నాడు.

వైరు దూరంగా పడేసి నడిచాను. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తిరగేశాను. సిలువ. గట్టంతా రాతిపొడి ఉంది గానీ ఆ చెప్పుల అడుగున చిటికెడు పొడి కూడా లేదు. ఆముదం వాసన వేస్తోంది.

వెనకే వచ్చిన మునస్వామి వాటిని చేతిలోకి తీసుకొని చూశాడు. గుండు వైపు, చింతచెట్టు వైపు చూసి అడిగాడు.

“చిన్నోడు యాడ?”

గుండు చాటున ఉన్నవాళ్లు చింతచెట్టు దగ్గర ఉన్నాడనుకున్నారు. చింతచెట్టు దగ్గరివాళ్లు గుండు చాటున ఉన్నాడనుకున్నారు. వాడికి చెప్పులు లేవన్న సంగతి నేను మరిచిపోయాను.

మునస్వామీ నేనూ తాడు పట్టుకొని దిగాం. ఊట కోసం పక్కకు తవ్విన సొరంగంలో మరిచిపోయిన సుత్తి కోసం దూరి, జ్వరంతో అక్కడే స్పృహ తప్పి పడి ఉన్నాడు తమ్ముడు. మందు కూరిన చోటికి మూడు మూరల దూరం. ఇప్పుడు వాడికి ముగ్గురు పిల్లలు.

ఆ సాయంత్రమే సమాధి దగ్గరకు వెళ్లాను. మట్టి కదల్లేదు. మేము నాటిన నందివర్ధనం అలాగే ఉంది. తవ్వి చూద్దామని మునస్వామి అన్నాడు. నాకు ధైర్యం చాలలేదు. ఈనాటికీ చాలలేదు.

ఇది అపవాది మోసం కావచ్చని సంఘ పెద్దలొకరు అన్నారు. అపవాది ప్రాణం కాపాడతాడా అని అడిగాను. దేవదూత అని ఇంకొకరు అన్నారు. దేవదూతకు మా నాయన చెప్పులెందుకు? ఎన్ని విధాల ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఆ చెప్పులు మాత్రం ఇప్పటికీ మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

ఆ రాత్రి వాటిని అమ్మ చేతిలో పెట్టినప్పుడు ఆమె ఏడవలేదు. చాలాసేపు తడిమి చూసింది. పక్కనే ఉన్న పాస్టరుగారిని ఒకటే అడిగింది.

“అయ్యా, ఇవి ఈడ ఇడిసిపెట్టి పోయినాడే. అట్లయితే ఆయప్ప ఇప్పుడు వట్టికాళ్లతో ఉండాడా?”

నాలుగు నెలల కిందట మోషే గురించి చెప్పిన మాటను పాస్టరుగారు మళ్లీ చెప్పలేకపోయారు.

చదువుతున్నవారు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. తండ్రీ, ఈ రోజు బావిలోకి దిగిన ప్రతి మనిషీ సాయంత్రం తన చెప్పులు తాను తొడుక్కొని ఇల్లు చేరేలా చెయ్యి. మా అమ్మ అడిగినదానికి జవాబు నాకు తెలియదు. నీకు తెలుసు. ఆమేన్.