జామకాయ మీద ఎర్రటి చార

పక్క క్వార్టర్ పెద్దమ్మ పోయారని ఫోన్ వచ్చేసరికి నేను రాయ్‌పూర్ వెళ్లే బండిలో టికెట్లు చూస్తున్నాను. ఎనభై దాటిన మనిషి, పొద్దున టీ తాగి కుర్చీలోనే వెళ్లిపోయారట. నా మొహం ఎలా మారిందో గానీ, టికెట్ లేని పెద్దమనిషి ఒకాయన అడక్కుండానే ఒప్పేసుకున్నాడు. ఈ మాట వింటే ఆవిడ పడీ పడీ నవ్వేవారు.

ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం పొద్దున్నే మా రైల్వే కాలనీ తార్‌బహార్‌లో తన వరండాలో కుర్చీ వేసి, గార్డుగా పనిచేసిన పెదనాన్నగారి టార్చితో ఇరుగుపొరుగు వాళ్ల నోళ్లన్నీ చూసేవారు. ఇక్కడివాళ్లు పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద గుడాకు. ఆ వాసన తగిలితే ముందు తిట్లు, తర్వాతే టార్చి.

పోయిన వానాకాలంలో నా ముందుపన్ను కదలడం మొదలైంది. చిగురు నుంచి రక్తం వస్తోందని అంతకుముందే నెలల తరబడి అక్కడ బ్రష్ పెట్టడమే మానేశాను. పైగా దొంగచాటుగా గుడాకు రుద్దాను. నలభై ఏళ్లకే పన్ను ఊడిపోతుందేమోనని నిజంగా భయపడ్డాను.

"నొప్పి లేదు కదా పెద్దమ్మా, ఏటవుతాది?" అన్నాను.

"అదేరా దాని తెలివి! మన ఒంట్లోనూ మీలాటి చెకింగోళ్లు ఉంటారు. పరాయి పురుగు కనబడితే ముద్రేస్తారు, ఆ ముద్ర చూసి మింగేస్తారు. ఈ చిగుళ్ల పురుగుందే, పడిన ముద్రని కొరికి పారేస్తాది. లేదంటే మన కణాల్లోనే దూరి దాక్కుంటాది. అది దొరక్క మనోళ్లు కనబడినదాన్నల్లా కొడతారు. దెబ్బ తినీది నీ చిగురు!"

"మరి ఏటి చెయ్యాలి?"

"రక్తం వచ్చిన చోటే తోమాల. మెల్లగా, మానకుండా. ముందు డాక్టరు దగ్గరికి పద."

డాక్టరు పాచి గీకి, పన్ను నిలుస్తుందో లేదో చెప్పలేనన్నారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆవిడ పెరటి జామచెట్టే నా పరీక్ష. కాయ కొరికి చూపించాలి. గుడాకు మానేశానని ఒకసారి అబద్ధమాడాను. ఆవిడ జామకాయ చేతిలో పెట్టారు. కొరికితే తెల్లటి గుజ్జు మీద ఎర్రటి చార.

"అచ్ఛా! నోరు అబద్ధమాడినా చిగురు ఆడదురా," అన్నారు. ఆ రోజే సిగ్గుపడి నిజంగా మానేశాను.

చలికాలమంతా చార సన్నబడుతూ వచ్చింది గానీ పూర్తిగా పోలేదు. పన్ను మాత్రం గట్టిపడింది. చివరి ఆదివారం కూడా "ఇంకొక్క వారంరా," అన్నారు.

పదకొండో రోజు భోజనాలయ్యాక పెరట్లోకి వెళ్లి చెట్టున మిగిలిన కాయ ఒకటి కోసి కొరికాను. గుజ్జు తెల్లగా ఉంది. ఎంత వెతికినా ఎరుపు లేదు. సంతోషం పట్టలేక వరండాలోకి పరుగెత్తి, ఖాళీ కుర్చీ ముందు ఆ కాయ పట్టుకుని, నోరు తెరిచి నిలబడ్డాను.