అమ్మ ఏడుస్తుంటే హాలంతా నవ్వింది

మలేసియాలోని బంటింగ్‌లో మా ఫ్లాట్ల వెనకున్న పాత ఎస్టేటు ఇంట్లో ఒక తమిళ సినిమా తీశారు. కాసేపు నవ్వించి, కాసేపు హడలగొట్టే రకం. పోలీసుల నుంచి తప్పించుకోవడానికి ఒక దొంగ శవంలా పడుకుంటాడు, ఒక ముసలామె పక్కన కూర్చుని ఏడుస్తుంది. ఆ ముసలామె వేషానికి మనిషిని వెతుకుతూ మా ఇంటికొచ్చారు. అమ్మను ఒప్పించింది నేనే. మా అమ్మ సినిమాలో ఉందని ఫ్యాక్టరీలో గొప్పలు పోవాలని నాకు మహా ఉబలాటం.

డైరెక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడే, అమ్మను అవ్వా అనే పిలిచాడు. "పాట్టీ, మీ ఇంట్లో మనిషి పోతే ఎలా ఏడుస్తారో అలాగే ఏడవండి" అని తమిళంలో చెప్పాడు. మా తెలుగువాళ్ళలో ఆడవాళ్ళు ఊరికే కన్నీళ్ళు పెట్టుకోరు. పోయిన మనిషితో మాట్లాడుతూ, అతను చేసినవన్నీ రాగం తీసి చెబుతూ ఏడుస్తారు. ఆ సంగతి డైరెక్టరుకి తెలీదు. నాకు తెలుసు.

అప్పటికి నాన్న పోయి ఏడాది. ఆయన శవాన్ని ఫ్లాట్లోంచి కిందికి దించినప్పుడు అమ్మ నోరు తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపిందాన్ని నేనే. "సుట్టూ అరవోళ్ళు, సైనావోళ్ళు సూస్తన్నారు. ఊరుకో లాహ్" అని మలయ్ యాసలో అన్నాను. పాపం, ఊరుకుంది.

కెమెరా ముందు మాత్రం ఊరుకోలేదు. "నన్నొగ్గేసి ఎల్లిపోనావా, తోటలో నా కాళ్ళకి జెలగలు పీకినోడివి, నీ కూడు నాకెట్టి పస్తున్నోడివి" అంటూ ఆ నటుడి పక్కన కూలబడి గుండెలు బాదుకుంది. కట్ చెప్పినా ఆగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్క ముక్క అర్థం కాలేదు, అదే బాగుంది అన్నారు. అది మా నాన్న కోసం ఏడ్చిన ఏడుపు, తీసెయ్యండి అని నేను చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

సినిమా విడుదలయ్యాక అమ్మను క్లాంగ్ పట్నంలో హాలుకి తీసుకెళ్ళాను. తెరమీద అమ్మ జెలగల మాట ఎత్తగానే శవం కాలు గోక్కుంది. వెనకాల టింగుటింగుమని సంగీతం. హాలంతా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానని ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా పక్కవాళ్ళు నవ్వారన్న జవాబే వస్తుంది. నామీద నాకు ఆ రోజు పుట్టిన అసహ్యం ఇంకా పోలేదు. అమ్మ తెర చూడటం మానేసి నా మొహం చూసింది.

తిరుగు బస్సులో అమ్మకు కిటికీ పక్క సీటు ఇచ్చాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి "బాగా సేసినావమ్మా" అన్నాను.

"నాను పోతే నువ్వు తెలుగుల ఏడవకు" అంది అమ్మ, కిటికీలోంచి చూస్తూ. "అరవంల ఏడువు. ఎవులూ నవ్వరు."