రాక్షసికి మొక్కిన బోనం

మా చిన్నమ్మ పోయింది. మంగళవారం పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, పక్కనే పీట మీద కూర్చుని అలాగే ఒరిగిపోయిందట. నేను మలక్‌పేట నుంచి ఫలక్‌నుమా చేరేసరికి వాకిలి నిండా జనం. నన్ను చూసి ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను అటు తిరగ్గానే అదే నోటితో పక్కామెతో, "రాక్షసి అమ్మోరి దగ్గరికే పోయినట్టుంది పాపం" అంది. పక్కామె నవ్వు ఆపుకుంది. శవం ఇంకా లేవలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను. మీలో ఎవరికీ ఆమె తెలియదు, అదే నయం. తెలిసినవాళ్లందరికీ ఆమె గురించి తెలిసింది ఆ ఒక్క నవ్వులాటే.

ఆమె మా అమ్మకు చెల్లెలు. చదువుకోలేదు. ఊరికే మాట ఇచ్చేది కాదు. పిల్లలం ఏదడిగినా "సూస్తా" అనేది తప్ప "చేస్తా" అనేది కాదు. చేస్తానంటే మాత్రం ఇంక దాని గురించి మనం ఆలోచించే పనిలేదు. నా పెద్దకొడుకు పుట్టినప్పుడు పాతబస్తీ అంతా కర్ఫ్యూ. "నీ కాన్పుకు వస్త బిడ్డా" అని అంతకుముందే అని ఉంది. కర్ఫ్యూ సడలించిన కాసేపట్లో, బస్సుల్లేకపోతే, చేతిలో కారప్పొడి డబ్బాతో నడుచుకుంటూ మలక్‌పేట వచ్చేసింది. "ఇట్ల ఎట్లొచ్చినవే?" అని మా అమ్మ కేకలేస్తే, "వస్తనన్న గదా" అంది. 

ఇక ఆ సంగతి. డెబ్బయిల మొదట్లో, నేను చిన్న తరగతుల్లో ఉండగా, చిన్నమ్మ భర్త, మా చిన్నాయన, ఫోర్‌మన్‌తో కొట్లాడి ఫ్యాక్టరీలో సస్పెండ్ అయ్యాడు. ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టంగా ఉండేది. ఆయన రోజంతా మంచం మీద పడుకుని గోడ చూసేవాడు. అప్పుడే మా వాడలో ఉండే ఒక రంగులాయన, సినిమా సెట్లకు రంగులేసేవాడు, ఊరికి అటు చివర ఉన్న స్టూడియోలో జానపద సినిమాకు మాంత్రికుడి గుహ వేశారని, ఆదివారం షూటింగ్ ఉండదని, వస్తే చూపిస్తానని అన్నాడు. వాడంతా చపాతీలు, తొక్కు మూటగట్టుకుని బయల్దేరింది. చిన్నాయనను కూడా బలవంతాన లేపి తీసుకెళ్లారు.

గోనెసంచులకు ప్లాస్టర్ పూసి చేసిన గుహ అది. పుర్రెలు, గబ్బిలాలు, ఎగిరే మంచం ఒకటి. మంచం ఎక్కి కూర్చోవడానికి ఆడామగా తోసుకున్నారు. చివర్న, మాంత్రికుడు నరబలి ఇచ్చే చోట, ఇద్దరు మనుషులంత ఎత్తున అమ్మవారు, నాలుక చాపి ఉంది. చిన్నమ్మ గుహ గుమ్మం దగ్గరే చెప్పులు విడిచింది. అందరూ నవ్వారు. ఆమె పట్టించుకోలేదు. కొంగుముడిలోంచి కుంకుమ తీసి ఆ ప్లాస్టర్ పాదాలకు పెట్టింది, ఆ పాదాల మీది ఎరుపు తాకి తన నుదుటికి పెట్టుకుంది. కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది. ఆయన నౌకరి తిరిగొస్తే నీకు బోనం ఎత్తుతానని మొక్కింది.

అది ఇంకా ఆరని ఎనామిల్ రంగు. ఎంత తోమినా చాలా రోజులు నుదుటి మీద నుంచి పోలేదు. "గ్యాసునూనెతోని తుడువరాదే" అని చిన్నాయన కసిరితే, "అమ్మ ఇచ్చింది, అదే పోతది తియ్" అంది.

వానలు పడకముందే నౌకరి తిరిగొచ్చింది. ఆషాఢంలో మా వాడ అమ్మవారికి బోనం వండే ముందు రోజు, చిన్నమ్మ రెండో కుండ కడిగింది. చిన్నాయన చూశాడు.

"గదెవలికి?"

"గామెకు. మొక్కిన గదా."

"నీకేమన్న పిచ్చి లేసిందా? నా నౌకరి యూనియనోళ్లు తెచ్చిండ్రు. గది అట్టబొమ్మ."

"మన గుళ్ల అమ్మను గూడ ఎవలో ఒకలు చెక్కిండ్రు గదా."

చిన్నాయన కుండ లాక్కుని లోపల పెట్టేశాడు. మా అమ్మ సర్దిచెప్పబోయింది: "మన అమ్మకే ఇంకోటి ఎత్తరాదే. ఎవలకిచ్చినా ఒక్కటే." చిన్నమ్మ అడిగింది: "నీకిస్తనన్న చీర ఇంకొకలకిస్తే నీకిచ్చినట్టేనా అక్కా?"

ఆ తర్వాత ఒక రోజు, మార్కెట్‌కు అని చెప్పి, నన్ను వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి ఆ స్టూడియోకు వెళ్లింది. గుహ లేదు. షెడ్డు వెనక, ఎండలో, అమ్మవారు వెల్లకిలా పడి ఉంది. మా రంగులాయనే దాని మీద కూర్చుని మూతికి కోరలు అతికిస్తున్నాడు. మమ్మల్ని చూసి సిగ్గుపడ్డాడు.

"గీమె ఇప్పుడు రాక్షసి అక్కా. వేరే పిక్చర్‌కు."

 చిన్నమ్మ వంగి ఆ పాదాలు తాకింది. "మొఖమే గదా మార్చిండ్రు. కాళ్లు గవ్వే. బోనం తెచ్చుకోవచ్చా అన్నా?" అని అడిగింది. రంగులాయన ఏమనేవాడో కానీ ఈలోగా వాచ్‌మన్ వచ్చి, "క్యా లగా రఖే? చలో, బాహర్ చలో" అని చేయి ఊపుతూ గేటు దాటించాడు. బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

రంగులాయన ద్వారా సంగతి వాడంతా పాకింది. అందరికంటే ఎక్కువ ప్రచారం చేసింది మా చిన్నాయన. కల్లు దుకాణంలో, ఫ్యాక్టరీలో, పెళ్లి భోజనాల్లో, "మా ఇంటామె రాక్షసికి బోనం మొక్కింది" అని మొదలుపెట్టేవాడు. మస్తు నవ్వేవాళ్లు. కొన్నాళ్లకు నవ్వులాట కాస్తా నింద అయింది. ఆయనకు ప్రమోషన్ రాకపోతే నీ రాక్షసి వల్లే అన్నాడు. ఇంటి పైకప్పు కారినా అదే మాట. ఎవరి తిండి కోసం ఆమె ఆ పాదాలు పట్టుకుందో ఆ నోరే ఆమెను అన్ని మాటలు అంది. ఆ మాట ఆయన మొహం మీద ఎవరూ అనలేదు.

చిన్నమ్మ మాత్రం వాడ బోనాలకు పోవడం మానేసింది. ఎందుకని నేను పెద్దయ్యాక అడిగితే, "ఒకామెకు ఇస్తనని ఇయ్యకుండ, ఇంకొకామె ముందల ఏ మొఖం పెట్టుకొని నిలబడాలె బిడ్డా?" అంది. దానికీ లోకం, పొగరెక్కిందని పేరు పెట్టింది. నేను బడులూ పుస్తకాలూ చాలా చూశాను కానీ, అన్నమాటకు అంత విలువ ఇవ్వడం ఆమె దగ్గర తప్ప ఎక్కడా నేర్చుకోలేదు.

దశదినకర్మ అయ్యాక చిన్నాయన నన్ను లోపలికి పిలిచాడు. గుండె దడగా ఉంటోందట, నిద్ర పట్టడం లేదట.

"మా ఇంట్ల సావు అంటు ఉన్నది, ఈ ఏడు ఎత్తరాదు. నువ్వు మీ ఇంటికెల్లి ఎత్తు బిడ్డా. గా మొక్కు నా నౌకరికే గదా. నా మీద పడ్తదేమో."

ఆమె కోసం కాదు. తన కోసం.

"ఎవలికి ఎత్తాలె చిన్నాయనా?" అన్నాను.

"అమ్మోరికి."

"ఏ అమ్మోరికి?"

ఆయన నోరు తెరిచాడు. ఇన్నేళ్లూ ఆ నోట్లో ఆ తల్లికి ఒక్కటే పేరు. అది బయటికి రాలేదు.

"నేనెత్తను" అన్నాను. "ఆమె అడిగుంటే ఎత్తుదును."

ఆయన లేచి, రెండు చేతులూ జోడించాడు. ఎటు తిరిగి దండం పెట్టాలో తెలియక తలుపు వైపు తిరిగాడు, మళ్లీ గోడ వైపు తిరిగాడు, మళ్లీ నా మొహంలోకి చూశాడు. ఆ స్టూడియో ఏ దిక్కున ఉందో నాకు తెలుసు. చెప్పలేదు.