మిట్టన పెట్టిన మంచం

మా మేనత్త పోయింది. ఇంట్లో, మంచం మీద, నిద్రలో పోయింది. పొద్దున టీ ఇవ్వడానికి వెళ్లి నేనే చూశాను. కబురు తెలిసి వచ్చిన చుట్టాలంతా ఏడుస్తూనే ఒక మాట అడిగారు: "నిద్రలోనా? ఇంట్లోనా?" అవునన్నాను. అంత ఏడుపులోనూ వాళ్ల ముఖాల్లో చిన్న నవ్వు కనిపించింది. ఆ నవ్వు మీకు అర్థం కావాలంటే మా అత్త బతికిన తీరు చెప్పాలి.

మేము దూదేకులవాళ్లం. అత్తా మామా ఒక పాత టెంపోలో దూది ఏకే మిషన్ పెట్టుకుని ఊరూరూ తిరిగేవాళ్లు. పెళ్లి పరుపులు కుట్టడం, గడ్డలు కట్టిన పాత పరుపులు విప్పి, అదే దూదిని మళ్లీ ఏకి నింపడం వాళ్ల పని. ఆ టెంపోనే ఇల్లు. మిషన్ పక్కన పొయ్యి, దూది మూటల పక్కన పడక, అడ్డంగా కట్టిన తాడు మీద బట్టలు. సోమందేపల్లెలోని మా ఇంటికి పండగకు వచ్చి పోయేవాళ్లు, అంతే. మామ చనిపోయాక అత్త ఇక బండి దిగుతుందనుకున్నాం. ఆచారం ప్రకారం ఇంట్లో ఉండాల్సినన్ని రోజులు ఉండి, ఆ మరుసటి వారమే స్టీరింగ్ పట్టుకుని పామిడి దారి పట్టింది. "తిట్టే నోరు, తిరిగే కాలు ఊరకుండవంటారు. మా అక్కకు రెండూ ఉండాయి" అని మా నాయన నవ్వాడు. నవ్వాడే గానీ బండి మలుపు తిరిగేదాకా వీధిలోనే నిలబడ్డాడు.

చిన్నప్పుడు బడి సెలవుల్లో నేనూ ఆ బండిలో తిరిగాను. దానికి సెల్ఫ్ సరిగా పనిచేసిన రోజు నాకు గుర్తు లేదు. ఏ ఊళ్లో ఆగినా అందరూ నీడ కోసం వెతుకుతారు, మా అత్త మాత్రం అందుకని మిట్ట కోసం వెతికేది. మిట్ట మీద బండిని మూతి పల్లం వైపు ఉండేలా నిలిపి, ముందు టైరుకు రాయి అడ్డం పెట్టేది. పొద్దున రాయి తీస్తే బండి దానంతటదే దొర్లేది. దొర్లుతుండగా గేరు వేస్తే ఇంజన్ అందుకునేది. వెనక తలుపు వైపు తల, డ్రైవరు సీటు వైపు కాళ్లు పెట్టి పడుకునేవాళ్లం. నేను నిద్రలో జారిపోయి తెల్లారేసరికి పొయ్యి దగ్గర తేలేదాన్ని.

"జారితే మళ్లీ పైకి పాకాల మే. మిట్టన పండుకునేటోళ్లు అంతే" అనేది అత్త.

అలా ఎన్నో ఏళ్లు తిరిగింది. దగ్గు మొదలైనా లెక్కచేయలేదు. కొత్తచెరువులో ఒక పెళ్లి పరుపు సగంలో ఉండగా ఊపిరందక కూలబడింది. ఆ పెళ్లివారే ఆస్పత్రిలో చేర్చి మాకు ఫోన్ చేశారు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి ఉన్నమాట చెప్పింది. "దూది ధూళికి ఊపిరితిత్తులు పాడయ్యాయమ్మా. దూది పని మానాలి, ఆ బండిలో పడక కూడా మానాలి. అందులోనే ఉంటే వచ్చే ఎండాకాలం దాటడం కష్టం. పడుకునేటప్పుడు తల ఎత్తులో పెట్టుకోండి."

ఇంటికొచ్చాక అత్త నాయనతో తేల్చి చెప్పింది. "రంజాన్ దాకా ఉంటా తమ్ముడా. అప్పటికీ ఈడ నిద్ర పట్టకుంటే నా బండి నేనెక్కి పోతా. డాక్టరమ్మ ఏమన్నా అనుకోనీ." టెంపో మా వీధిలోనే నిలబడింది. దాని తాళంచెవి అత్త రొంటిలో ఉంది.

నిద్ర పట్టలేదు. డాక్టరమ్మ చెప్పినట్టే దిండు మీద దిండు వేశాం. అవి జారేవి, మెడ పట్టేసేది. పూర్తిగా పడుకుంటే ఊపిరాడేది కాదు. రోజూ గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చేది. "ఈ గోడలు నా మీదికి వస్తాండాయి మే" అనేది. కొన్నాళ్లకు తిట్టడం కూడా మానేసింది. కూర బాగలేకపోయినా నోరెత్తకుండా తింటుంటే మాకు నిజంగా భయం వేసింది. చూస్తుండగానే రంజాన్ నెల వచ్చేసింది.

ఒకరోజు మధ్యాహ్నం తాళంచెవి తీసుకుని బయటికి నడిచింది. నేను అడ్డం పోబోతే నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "పోనీ పాపా. ఆపితే ఆగే మనిషి గాదు" అని మెట్ల మీద కూలబడ్డాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం చూశాను. అత్త టెంపో వెనక తలుపు తీసి లోపల పడుకుంది. కాసేపటికి తలుపు ధడేల్మని తెరుచుకుంది.

"బండిలో కూడా పట్టలేదప్పా!" అంటూ దిగింది. దిగి టైర్ల వైపు చూసింది, వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. ఆమె ముఖం మారిపోయింది. "ఏమ్మే, ఈ వీధి సదునుగా ఉండాది! ఇన్నేండ్లూ నన్ను పండబెట్టింది ఈ బండి అనుకుంటి. మిట్ట మే, మిట్ట పండబెట్టింది! ఇటుకలు యాడుండాయి?"

పక్కింటివాళ్లు గోడ కట్టుకోవడానికి తెచ్చుకున్న ఇటుకలు అడిగి తెచ్చాను. నాయన మంచం తలవైపు ఎత్తి పట్టుకుంటే కోళ్ల కింద ఇటుకలు దూర్చాను. అత్త పడుకుని చూసింది. "ఇంకో వరస పెట్టు." పెట్టాను. "ఆఁ. ఇప్పుడు రాయి." జారకుండా కాళ్ల దగ్గర దుప్పటి చుట్టి అడ్డం పెట్టాను. ఆ పూట మా ఇంట్లో మొదటిసారి అత్త గురక విన్నాం. నాయన టీవీ కట్టేశాడు. వీధిలో కేకలు వేస్తున్న కూరగాయలమ్మే ఆమెను నోటి మీద వేలు పెట్టి సాగనంపాడు. "గెలిచింది పాపా, మా అక్క గెలిచింది" అని గుసగుసగా అన్నాడు. ఇఫ్తార్ వేళకు లేచి, గంజి పలచనయిందని నన్ను తిట్టింది. ఆ తిట్టుకు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

పండగ ముందే టెంపోను ఒక ఉల్లిగడ్డల వ్యాపారికి ఇచ్చేసింది. తాళంచెవి చేతిలో పెడుతూ బండిని ఎలా నిలపాలో అతనికి ఒక పూట పాఠం చెప్పింది.

బండి దిగింది గానీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. "దిండ్లు జారేది నాకొక్కదానికేనా మే?" అని మొదలుపెట్టింది. నాది టైలరింగ్. తలవైపు ఎత్తుగా, కాళ్లవైపుకు వచ్చేసరికి పలచబడేలా పరుపు గుడ్డ మీద దారం పట్టి గుర్తు పెట్టి ఇచ్చేది, నేను సంచి కుట్టేదాన్ని. దూది నింపడం బజారులోని ఏకే అంగడివాళ్ల పని. ఆ ధూళి దరిదాపులకు కూడా అత్త వెళ్లేది కాదు, వాళ్లు తెచ్చాక తట్టి చూసి వంకలు పెట్టేది. డాక్టరమ్మ ఒకసారి చూసి, ఆయాసం ఉన్నవాళ్లకు మా ఇంటి దారి చెప్పడం మొదలుపెట్టింది. ఎత్తు పరుపు అత్త అంటే అందరికీ తెలిసిపోయింది.

వాళ్లమ్మ కోసమని పామిడి నుంచి ఒకాయన వచ్చాడు. "మా ఊరి మిట్ట మీద నీ బండి ఆగుతాన్నింది గదత్తా" అన్నాడు.

"ఆ మిట్ట ఉండాదా ఇంకా?"

"యాడిదీ, సదును చేసి ఇండ్లు కట్టిరి."

"అయితే ఇంగ మిట్ట కావాలంటే నా దగ్గరికే రావాల" అని పడీపడీ నవ్వింది. దగ్గొచ్చినా నవ్వు ఆపలేదు.

తను తిరిగిన ఊళ్లన్నీ ఒక్కొక్కటే మా గుమ్మానికి వచ్చాయి. దాటడం కష్టమన్న ఎండాకాలం దాటింది, దాని తర్వాత చాలా ఎండాకాలాలు దాటాయి. ప్రతి ఏడూ తొలి వాన పడగానే ఆస్పత్రికి వెళ్లి, గుమ్మంలో నిలబడి, "దాటినానమ్మా" అని చెప్పి వచ్చేది. డాక్టరమ్మ ఎంత పనిలో ఉన్నా లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకునేది. ఈ ఏడు కూడా చెప్పే వచ్చింది.

నాకు ఈ చేతిపని నిలబడింది ఆమె వల్ల. ఆ రుణం తీరేది కాదు, తీర్చుకోవాలని కూడా లేదు.

మూడో రోజు జియారత్‌కు, సమాధి దగ్గర ప్రార్థన చేయడానికి, ఉల్లిగడ్డల వ్యాపారి ఆ టెంపోలోనే మా వాళ్లను ఎక్కించుకుని వచ్చాడు. ఖబ్రస్తాన్ మిట్ట మీద ఉంది. ఆడవాళ్లం గోడ ఇవతల నిలబడ్డాం. అతను బండిని మూతి పల్లానికి తిప్పి నిలిపి, దిగి, టైరుకు రాయి అడ్డం పెట్టాడు. ఫాతిహా చదవడం అయ్యాక అతన్ని అడిగాను.

"ఇప్పుడూ సెల్ఫ్ పనిచేయదా అన్నా?"

"కొత్త బ్యాటరీ ఏసినా కదమ్మా, బాగా పనిచేస్తాది. అయినా ఈ బండిని సదునులో నిలబెట్టేకి నాకు చెయ్యి రాదు."

నేనూ నాయనా తప్ప మా వాళ్లంతా ఎక్కారు. నాయన వంగి, తనే ఆ రాయి తీశాడు. టెంపో చప్పుడు లేకుండా కదిలింది. ఉల్లిపొట్టు గాలికి లేచింది. బండి పల్లంలోకి దొర్లుతూ, దొర్లుతూ పోయి, ఆ కింద మలుపు దగ్గర ఒక్కసారి ఊగి, ఇంజన్ అందుకుంది.