కవర్లతో పాతిన అడవి

రాజమండ్రి నుంచి రామచంద్రపురం వెళ్లే దారిలో ఒక పాత రాతి క్వారీ ఉంది. పోయినేడాది దాన్ని పార్కు చేశారు. రాతి గోడల మీద జింకల్నీ నెమళ్లనీ గీయించి, గొయ్యి నిండా మొక్కలు పెట్టి, గేటు మీద 'వనవిహారం' అని బోర్డు కట్టారు. అది చూసి మురిసిపోయి, ఫోటోలు తీసి తెలిసినవాళ్లందరికీ పంపాను.

నెల తిరక్కుండానే బస్సులో అటు వెళ్తుంటే, ఆ మొక్కలన్నీ పీకి వ్యాన్లోకి ఎక్కిస్తున్నారు. అక్కడే ఒక పెద్దాయన బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడు. చేతిలో చిరిగిన నల్ల కవరు ఉంది, నర్సరీ మొక్కలకి వేసేది.

"ఎందుకండీ పీకేస్తున్నారు?" అన్నాను.

"అద్దె మొక్కలండి. మా కడియం నర్సరీవి. ఓపెనింగుకని తెచ్చాం. కవర్లు తియ్యకుండానే పాతమన్నారండి, మళ్లీ తీసుకెళ్లాలి గదా."

నా ఫోటోలకి వచ్చిన మెచ్చుకోళ్లు గుర్తొచ్చాయి. పెళ్లి పందిరికీ అద్దె మొక్కలు తెస్తారు. కానీ అది అడవినని చెప్పుకోదు.

"మరి ఈ కవరేంటండి?"

"మొక్క చచ్చిపోతే మా ఓనరు గారికి కవరు చూపించాలండి." ఆయన గొంతు తగ్గించాడు. "ఇది చావలేదు లెండి. కానుగ మొక్క. కవరు చింపుకుని రాళ్ల సందులోకి వేరు దిగిపోయింది. లాగబుద్ధి కాలేదు. కవరు కోసేసి వదిలేశాను."

ఆ కవరుని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని కడియంలో దిగిపోయాడు.

నిన్న మళ్లీ ఆ దారినే వెళ్లాను. జింకల మీద రంగు పెచ్చులూడుతోంది. గేటు మీద 'వనవిహారం' బోర్డు అలాగే ఉంది. లోపల ఉన్నది నడుమెత్తు కానుగ ఒక్కటే.